ఇంట్లోకి తాబేలు పిల్ల వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

పుట్టినరోజు పార్టీకి వెళ్లిన పిల్లాడు రిటర్న్ గిఫ్టు అంటూ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. అందులో రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన ఆకుపచ్చ తాబేలు పిల్ల, దాని పక్కన ప్లాస్టిక్ కొబ్బరి చెట్టు. నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది కథ ఇలాగే మొదలవుతుంది. మిగతా సగం మంది చేపలు కొందామని అక్వేరియం షాపుకి వెళ్లి, ముచ్చటపడి దీన్ని తెచ్చుకున్నవాళ్లు. అందరూ అడిగేవి మాత్రం అవే మూడు ప్రశ్నలు: ఏం తింటుంది, ఎందుకు తినట్లేదు, పోలీసు కేసు అవుతుందా?

మా ఇంట్లో ఒకటుంది, పదేళ్లు దాటింది. కొన్నప్పుడు షాపతను "ఇది ఇంతే సార్, పెరగదు" అన్నాడు. ఇప్పుడది టిఫిన్ ప్లేటంత ఉంది. ఇంకో పది, ఇరవై ఏళ్లు బతికినా ఆశ్చర్యం లేదు. అందుకే మొదటే చెప్తున్నాను: ఇంకా కొనకపోతే కొనకండి. ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే కిందిది వరసగా చదవండి.

అన్నిటికంటే ముందు: అది ఏ తాబేలు?

కన్ను వెనక చూడండి. ఎర్రటి చార ఉందా? ఆకుపచ్చ చిప్ప, పసుపు పొట్ట మీద నల్లటి మచ్చలు ఉన్నాయా? అయితే అది రెడ్ ఇయర్డ్ స్లైడర్. దాని సొంతూరు అమెరికాలోని మిసిసిపీ నది పరిసరాలు. మన షాపుల్లో కనిపించేది దాదాపుగా ఇదే. ఈ గైడు దాని కోసమే.

కింది వాటిలో ఏదైనా అయితే అది మన దేశపు జంతువు. దాన్ని పట్టుకోవడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం:

- నక్షత్ర తాబేలు. ఎత్తుగా ఉబ్బిన నల్లటి చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. నేల మీదే తిరుగుతుంది. రాయలసీమలో పొలాల పక్కన, చిట్టడవుల్లో కనిపిస్తుంది.
- చెరువుల్లో, వరి మళ్లలో దొరికే మెత్తటి చిప్ప తాబేలు. కాళ్లు లోపలికి లాక్కోగానే పొట్ట కింద తోలు రెక్కలు తలుపుల్లా మూసుకుంటాయి.
- వీపు మీద పొడవునా మూడు గట్లున్న నల్ల తాబేలు.
- సముద్రపు ఒడ్డున దొరికే, కాళ్ల బదులు తెడ్లున్న పిల్ల. అది ఆలివ్ రిడ్లే. ఇంటి నీళ్లలో బతకదు.

వీటిలో ఏదైనా మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ అటవీ శాఖ ఆఫీసులో గానీ చెప్పి అప్పగించాలి. చట్టంలోని 39వ సెక్షన్ చెప్పేది ఇదే. "రేపు ఊరెళ్లేటప్పుడు చెరువులో వదిలేస్తాం" అని కారులో వేసుకుని బయల్దేరకండి. నక్షత్ర తాబేలు షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

"శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లున్నాయి కదా, మేం పెంచుకుంటే తప్పేంటి?" అని చాలామంది అడుగుతారు. గుడి ఆవరణలో ఉన్నాయని మన వరండాలో ఉంచుకునే హక్కు రాదు. ఇక వాస్తు కోసం అనేవాళ్లకి ఒకటే మాట. మా నాయనమ్మ కాలంలో తాబేలు ఇంట్లోకి వస్తే అరిష్టమని నీళ్లు చల్లేవారు, ఇప్పుడేమో అదృష్టమంటున్నారు. ఇత్తడి తాబేలు కొనుక్కోండి, తిండి పెట్టే పని కూడా ఉండదు.

కావాల్సినవి

- కనీసం 70, 80 లీటర్ల గాజు ట్యాంకు లేదా వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు. టబ్బు చవక, పగలదు. పిల్లకి నేనైతే టబ్బే మంచిదంటాను.
- నీళ్లలోంచి ఎక్కి పూర్తిగా ఆరేందుకు మెట్ట. పాత బంగళా పెంకు ఏటవాలుగా పెట్టినా చాలు. కొత్త సిమెంటు ముక్క వద్దు, సున్నం నీళ్లలోకి దిగుతుంది.
- యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ బి కిరణాలనిచ్చే లైటు. దీని బదులు మామూలు ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు.
- మెట్ట మీద వేడి కోసం హాలోజెన్ లేదా ఫిలమెంటు బల్బు.
- నీటి థర్మామీటరు, చలికాలానికి థర్మోస్టాట్ ఉన్న హీటరు.
- ఫిల్టరు. మీ టబ్బులో పట్టే నీళ్లకి రెండు, మూడు రెట్లకి సరిపడేది తీసుకోండి. చేపలతో పోలిస్తే తాబేలు చేసే మురికి చాలా ఎక్కువ.
- తాబేళ్ల కోసమే చేసిన గుళికల తిండి, కటిల్ బోన్. పక్షుల సామాను అమ్మే షాపుల్లో తెల్లగా, పలకలా దొరికేది అదే.
- దీనికి మాత్రమే వాడే మగ్గు, బకెట్, స్పాంజి.

ఈ సామాను ఖర్చు తాబేలు ధరకి ఎన్నో రెట్లు అవుతుంది. అక్కడే చాలామంది ఆగిపోయి, లైటు తర్వాత కొందాంలే అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే జబ్బు తాబేళ్లలో ఎక్కువ ఆ "తర్వాత కొందాంలే" ఇళ్ల నుంచి వచ్చినవే.

పెంచే పద్ధతి

1. నీళ్లు నింపండి. లోతు పిల్ల చిప్ప పొడవుకి కనీసం రెండింతలు ఉండాలి. వెల్లకిలా పడితే మళ్లీ తిరగడానికి ఆ లోతు కావాలి. చీలమండ లోతు నీళ్లలో తలకిందులైన పిల్ల తిరగలేక చచ్చిపోవచ్చు. కుళాయి నీళ్లయితే ఒక రోజు బకెట్లో ఉంచి వాడండి, లేదా చేపలకి వాడే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయండి. బోరు నీళ్లు పర్వాలేదు. చిప్ప మీద తెల్లటి పొర కడితే మెత్తటి బ్రష్‌తో రుద్దితే సరి.

అడుగున గులకరాళ్లు వేయకండి. తిండి అనుకుని మింగుతాయి, పేగుల్లో ఇరుక్కుంటాయి. అందం కోసం రాళ్లు కావాలంటే తాబేలు తల కంటే పెద్దవి పెట్టండి. ఉత్త అడుగైతే కడగడమూ తేలికే.

2. మెట్ట, లైట్లు అమర్చండి. వేడి బల్బు మెట్టకి ఒక వైపున, పిల్ల ఎంత లేచినా అందనంత ఎత్తులో ఉండాలి. మెట్ట మీద వేడి 30 నుంచి 33 డిగ్రీలు రావాలి. చేత్తో చూసి అంచనా వేయకండి, థర్మామీటరు అక్కడే పెట్టి అరగంట తర్వాత చదవండి. యూవీబీ ట్యూబు ఎంత దూరంలో ఉండాలో డబ్బా మీద రాసి ఉంటుంది. రోజుకి 10 నుంచి 12 గంటలు వేసి, రాత్రి ఆపేయండి. వెలుగు బాగానే వస్తున్నా లోపలి యూవీబీ తగ్గిపోతుంది. కాబట్టి కంపెనీ చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా 6 నుంచి 12 నెలలకి, ట్యూబు మార్చాలి. కొన్న తేదీ మార్కర్‌తో ట్యూబు చివరన రాసిపెట్టుకోండి.

ట్యూబు దొరకలేదా? పొద్దున ఎండ వాడుకోండి. ప్లాస్టిక్ టబ్బులో, సగం భాగం మీద అట్ట కప్పి నీడ ఉంచి, ఏడున్నర నుంచి తొమ్మిది లోపు అరగంట బాల్కనీలో పెట్టండి. గాజు ట్యాంకుని ఎండలో పెట్టొద్దు, కాసేపట్లోనే నీళ్లు సలసలమంటాయి. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. ఇంకో సంగతి, బాల్కనీలో ఉన్నంతసేపూ పక్కనే కూర్చోండి. కాకి తన్నుకుపోవడానికి రెండు సెకన్లు చాలు. కుర్చీ వేసుకుని పేపర్ చదువుకోండి.

3. నీటి వేడి చూసుకోండి. పిల్లలకి 25 నుంచి 28 డిగ్రీలు. విజయవాడ ఎండాకాలంలో హీటరుతో పనిలేదు సరికదా, నీళ్లు 30 దాటకుండా గదిని చల్లగా ఉంచుకోవాలి. హైదరాబాదు డిసెంబరు రాత్రులకి మాత్రం హీటరు తప్పదు. నీళ్లు మార్చే ముందు ప్లగ్ తీసి, హీటరు చల్లారేదాకా ఆగండి. వేడి హీటరు గాలి తగిలితే పగులుతుంది, ప్లగ్ ఉండగా నీళ్లలో చేయి పెడితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

4. తిండి నీళ్లలోనే పెట్టండి. స్లైడర్ నేల మీద మింగలేదు. రోజుకి ఒకసారి, మెడ కలపకుండా దాని తల ఎంతుందో అన్ని గుళికలు. పావుగంటలో తినకుండా మిగిలింది తీసేయండి. ఏడాది దగ్గర పడ్డాక రోజు విడిచి రోజు చాలు. ఎప్పుడు చూసినా ఈదుకుంటూ వచ్చి తల పైకెత్తి అడుగుతుంది. నమ్మకండి, అది దాని అలవాటు.

ఆకు తిండి మొదటి నుంచే రుచి చూపించండి. పాడి రైతులు గేదెల కోసం పెంచే అజొల్లా దీనికి చక్కటి తిండి. గుప్పెడు తెచ్చి శుభ్రంగా కడిగి నీళ్లలో వేస్తే రోజంతా కొరుకుతూ ఉంటుంది. మురుగు కాలువ కలిసే చెరువు నుంచి మాత్రం ఏ నాచూ తేవద్దు. సన్నగా తురిమిన క్యారెట్ వారానికోసారి. మందులు కొట్టని తోటలో వానపాము దొరికితే పండగే. కటిల్ బోన్ చిన్న ముక్క విరిచి నీళ్లలో పడేయండి, కాల్షియం కోసం కావాలనిపించినప్పుడు అదే కొరుక్కుంటుంది.

పెట్టకూడనివి: అన్నం, రొట్టె, బిస్కెట్, పాలు, పాలకూర. షాపులో ఇచ్చే ఎండు రొయ్యల ప్యాకెట్ ఎప్పుడైనా చిరుతిండిగా పర్వాలేదు, రోజూ అదే పెడితే విటమిన్ ఎ తగ్గి కళ్లు వాస్తాయి.

5. నీళ్లు మార్చండి. ఫిల్టరు ఉంటే వారానికి పావు వంతు నుంచి సగం. ఫిల్టరు లేని టబ్బు అయితే రోజు విడిచి రోజు పూర్తిగా. కొత్త నీళ్లు, పాత నీళ్లు ఒకే వేడిలో ఉండాలి. తీసిన నీళ్లు బాత్రూంలో పారబోయండి. వంటింటి సింకులో వద్దు, కొత్తిమీర కుండీలో అసలే వద్దు.

6. చేతులు కడగండి. ఇది చాదస్తం కాదు. చూడ్డానికి నిక్షేపంగా ఉన్న తాబేలు కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియాని మలంలో వదులుతుంది. అది నీళ్లకీ చిప్పకీ అంటుతుంది. తాబేల్ని గానీ టబ్బుని గానీ ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, పక్కన ఉండి పిల్లల చేత కడిగించాలి. ముద్దులు పెట్టడం, డైనింగ్ టేబుల్ మీద నడిపించడం బంద్. ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలు, 65 దాటిన పెద్దవాళ్లు, గర్భిణి, కీమో లాంటి చికిత్సలో ఉన్నవాళ్లు ఉంటే అసలు తాబేలే వద్దు. ఎవరికైనా జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వస్తే డాక్టరుకి ఇంట్లో తాబేలుందని ముందే చెప్పండి. అడగరు కాబట్టి మనమే చెప్పాలి.

బాగుందో లేదో చూసుకునేది ఎలా?

ఆదివారం పొద్దున్న అయిదు నిమిషాల పని. గ్రాముల్లో చూపే చిన్న తూకం మీద డబ్బాలో పెట్టి బరువు చూడండి. తర్వాత రెండు పుస్తకాలు నిలబెట్టి, చిప్ప ముందు అంచుకి ఒకటి, వెనక అంచుకి ఒకటి తాకించి, తాబేల్ని తీసేసి మధ్య ఖాళీని స్కేలుతో కొలవండి. టేపుని వీపు మీదుగా వంచి కొలిస్తే పొడవు ఎక్కువ వస్తుంది, అది తప్పు లెక్క. తేదీ, బరువు, పొడవు నోట్‌బుక్‌లో రాయండి. బరువు మెల్లగా పెరుగుతూ ఉంటే మీరు చేసేది సరిగ్గానే ఉంది. వరసగా రెండు వారాలు తగ్గితే ఏదో తేడా ఉంది.

చిప్ప అంచుని వేలితో మెల్లగా నొక్కి చూడండి. చిన్న పిల్లల్లో కాస్త వంగడం మామూలే, నెలలు గడిచేకొద్దీ గట్టిపడాలి. గట్టిగా ఉన్నది మళ్లీ మెత్తబడితే యూవీబీ, కాల్షియం అందట్లేదని అర్థం. చిప్ప మీద పలచటి పొరలు గాజు కాగితంలా ఊడిపోతుంటే భయపడొద్దు, పెరిగే తాబేలు పాత పొర వదిలేస్తుంది. గోటితో పీకొద్దు.

తినట్లేదని కంగారుపడేవాళ్లకి: కొత్త ఇంటికి వచ్చిన మొదటి నాలుగైదు రోజులు తినకపోవడం సహజం. థర్మామీటరు చూడండి. నీళ్లు చల్లగా ఉంటే దానికి అరగదు, అందుకే తినదు. నాకు వచ్చే "తినట్లేదు" ఫోన్లలో ఎక్కువ చలికాలంలోనే వస్తాయి, నీటి వేడి ఎంత అని అడిగితే జవాబు ఉండదు.

ఒక పక్కకి ఒరిగి ఈదడం, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు. ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. కళ్లు వాచి మూసుకుపోయినా అంతే. మన ఇంట్లోని కంటి చుక్కలు వేయకండి. మా దానికి మొదటి ఏడాది అదే జరిగింది. ఎండు రొయ్యలే తిండి అనుకున్న రోజులవి. కళ్లు కనపడక తిండి ముక్కుకి తగులుతున్నా పట్టుకోలేకపోయేది. డాక్టరు సూది వేసి, తిండి మార్పించి, కళ్లు తెరిపించడానికి నెల పట్టింది. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే క్లినిక్‌లో మందు మోతాదు తెలియకపోవచ్చు, పక్షులనీ పాకే జంతువులనీ చూసే డాక్టరు ఎవరో తాబేలు బాగున్నప్పుడే కనుక్కుని ఉంచుకోండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి, అక్కడ వాకబు చేయొచ్చు.

తోడు కోసం రెండోది తేవద్దు. వాటికి తోడు అక్కర్లేదు, కొరుక్కుంటాయి. ఒక అంగుళం పెరిగితే సుమారు 40 లీటర్ల చోటు పెరగాలి అన్న లెక్క గుర్తుపెట్టుకుంటే ఆ కోరిక అదే పోతుంది.

అమ్మకం, కొనుగోలు: చట్టం ఏమంటుంది?

మన దేశంలో మొదట షాపు సంగతి. పెంపుడు జంతువులు అమ్మే షాపు 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ పత్రం అడిగి చూడండి. రసీదు ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. స్లైడర్ పిల్లలు విదేశాల నుంచి సూట్‌కేసుల్లో దొంగతనంగా వస్తుంటాయి, చెన్నై, తిరుచ్చి విమానాశ్రయాల్లో వందల్లో, వేలల్లో పట్టుబడ్డాయి. మీ చేతిలోది ఎక్కడిదో రసీదు లేకపోతే మీరూ చెప్పలేరు. 2022 సవరణతో వన్యప్రాణి చట్టంలోకి 62ఎ సెక్షన్ వచ్చింది. స్థానిక జీవులకి ముప్పు తెచ్చే పరాయి జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, ఇంట్లో ఉంచుకోవడాన్ని కూడా కేంద్రం నియంత్రించవచ్చు, నిషేధించవచ్చు. కాబట్టి కొనే రోజున అటవీ శాఖ ఆఫీసుకి ఒక ఫోన్ చేయండి. పోయిన ఏడాది ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. ఆన్‌లైన్‌లో "స్టార్ బేబీ, హోం డెలివరీ" అని వచ్చేవి నక్షత్ర తాబేళ్లు. 2019 నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా నిషేధముంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ల ప్రశ్న వేరు. బీచ్‌కి వెళ్తే రోడ్డు పక్క షాపులో చిన్న పిల్లలు కనిపిస్తాయి, మన పిల్లలు మారాం చేస్తారు. అక్కడ 1975 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది: పై చిప్ప 4 అంగుళాల కంటే చిన్నదైన తాబేల్ని అమ్మకూడదు. పసిపిల్లలు ఆ సైజువి నోట్లో పెట్టుకోగలరు కాబట్టి ఆ కొలత. నిషేధానికి ముందు ఏటా సుమారు 2 లక్షల 80 వేల మందికి తాబేళ్ల వల్ల సాల్మొనెల్లా సోకేదని అప్పట్లో అంచనా వేశారు. ఉల్లంఘిస్తే 1,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు.

అమ్మేవాళ్ల ఎత్తుగడ ఒకటుంది: "తాబేలు ఫ్రీ, ట్యాంకుకి మాత్రమే డబ్బులు." నిబంధనలో అమ్మకంతో పాటు జనానికి ఏ రూపంలో పంచిపెట్టడమైనా ఉంది, ఫ్రీ అన్నా తప్పించుకోలేరు. సైన్సు, చదువు, ప్రదర్శన అవసరాలకి మినహాయింపు నిజమే. అది ల్యాబులకీ విద్యాసంస్థలకీ, మీ అబ్బాయి చదువుకి కాదు. 4 అంగుళాలంటే సుమారు 10 సెంటీమీటర్లు, పైన చెప్పిన రెండు పుస్తకాల కొలతే ఇక్కడా పనికొస్తుంది. 4 అంగుళాలు దాటితే సాల్మొనెల్లా ఉండదని మాత్రం కాదు, చేతులు అప్పుడూ కడగాల్సిందే. పెంచుకోవడం గురించి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. ఫ్లోరిడా 2007 నుంచి రెడ్ ఇయర్డ్ స్లైడర్ మీద ఆంక్షలు పెట్టింది, అక్కడ టూరులో కొని వేరే రాష్ట్రానికి తేవడం రెండు తలనొప్పులు.

జపాన్‌లో స్లైడర్‌ని ఇంట్లో పెంచుకోవచ్చు గానీ 2023 జూన్ నుంచి అమ్మకం, బయట వదలడం నిషిద్ధం. యూరోపియన్ యూనియన్ 1997లోనే దిగుమతి ఆపింది.

ఇక పెంచలేం అనుకుంటే

చెరువులో, కాలువలో, గుడి కోనేట్లో వదలకండి. అన్నీ తిని, వేగంగా పెరిగి, మన తాబేళ్ల తిండినీ ఎండ కాగే చోటునీ లాక్కుంటుంది. గువాహటి ఉగ్రతార గుడి కోనేట్లో, కేరళలో త్రిశూర్ దగ్గర కాలువలో ఇవి బయటపడింది ఇలా ఎవరో వదిలినందువల్లే. కేరళ అటవీ పరిశోధన సంస్థ జనం దగ్గర్నుంచి వాటిని వెనక్కి సేకరించే పని పెట్టుకోవాల్సి వచ్చింది.

కొన్న షాపుని వెనక్కి తీసుకోమని అడగండి, కుదరకపోతే ట్యాంకూ లైటూ ఇప్పటికే ఉన్నవాళ్లని వెతకండి. పశువైద్య కళాశాలలోనో వన్యప్రాణులని కాపాడే సంస్థలోనో వాకబు చేస్తే ఎవరో ఒకరు తెలుస్తారు. ఎవరూ దొరక్కపోతే అటవీ శాఖ ఆఫీసుకి ఉత్తరం రాసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. తీసుకెళ్లేటప్పుడు నీళ్లు లేకుండా, తడి గుడ్డ పరిచి గాలి చిల్లులు పెట్టిన డబ్బాలో పెట్టండి. ఆదివారాల బరువులు రాసిన నోట్‌బుక్ కూడా ఇచ్చేయండి, తీసుకునేవాళ్లు మొదట అడిగేది అదే.